మాట్ ద హూపుల్ తొలి నాలుగు ఆల్బమ్‌లు: ఏ వరుసలో, ఎలా వినాలి

మాట్ ద హూపుల్ బ్యాండ్ పాడిన ‘ఆల్ ద యంగ్ డ్యూడ్స్’ పాట నచ్చినవాళ్లు తరచూ అడిగేది ఒకటే. “దీనికి ముందు వీళ్లవి నాలుగు ఆల్బమ్‌లు ఉన్నాయట కదా. మొదటిది పెట్టి చూశాం, ఎక్కలేదు. మిగతావి వినాలా, వదిలేయాలా?”

వదిలేయొద్దు. వరుస మార్చండి. విడుదలైన క్రమంలో వినబట్టే చాలామంది రెండో ఆల్బమ్ సగంలో ఆగిపోతున్నారు.

ముందు రెండు ముక్కలు చెప్పి పనిలోకి దిగుతాను. 1969 నుంచి 1971 దాకా, రెండేళ్లలో, ఈ బ్రిటిష్ బ్యాండ్ ఐలాండ్ రికార్డ్స్‌కి నాలుగు ఎల్‌పీలు ఇచ్చింది. కచేరీలకు జనం విరగబడేవారు. 1971 జులైలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వీళ్ల కచేరీకి వచ్చినవాళ్లు చేసిన హడావిడికి ప్రేక్షకులు కూర్చునే బాక్సులు దెబ్బతిన్నాయి, ఆ హాలువాళ్లు కొన్నాళ్లు రాక్ కచేరీలే వద్దన్నారు. రికార్డులు మాత్రం అమ్ముడుపోలేదు. బ్రిటిష్ చార్టులో మొదటిది 66, రెండోది 48, మూడోది 44, నాలుగోది అసలు చార్టు ముఖమే చూడలేదు. 1972 మార్చిలో స్విట్జర్లాండ్‌లో విడిపోదామని నిర్ణయించుకున్నారు. ఆ సంగతి తెలిసి గాయకుడు డేవిడ్ బౌవీ తన పాట ఒకటి ఇచ్చాడు, అదే ‘ఆల్ ద యంగ్ డ్యూడ్స్’. అది బ్రిటన్‌లో 3వ స్థానానికి ఎక్కింది. అక్కణ్ణుంచి వీళ్ల మీద గ్లామ్ ముద్ర, అంటే తళుకు బట్టలు, మేకప్‌తో పాడే రాక్ ముద్ర, పడిపోయింది.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ నాలుగు ఆల్బమ్‌లలో ఉన్న ఐదుగురే ‘డ్యూడ్స్’లోనూ ఉన్నారు. ఇయన్ హంటర్ పాట, పియానో. మిక్ రాల్ఫ్స్ గిటార్, అప్పుడప్పుడు పాట. వెర్డెన్ ఆలెన్ ఆర్గన్. ఓవరెండ్ వాట్స్ బేస్. డేల్ గ్రిఫిన్ డ్రమ్స్, అందరూ బఫిన్ అనే పిలిచేవారు. మనుషులు మారలేదు కాబట్టి ఈ నాలుగింటినీ రిహార్సల్ కింద జమకట్టడం అన్యాయం.

కావలసినవి

- ఏదో ఒక మ్యూజిక్ స్ట్రీమింగ్ యాప్. ఇంగ్లిష్ అక్షరాల్లోనే వెతకాలి: ‘మాట్’ చివర రెండు టీలు, ‘హూపుల్’లో రెండు ఓలు, చివర ఎల్, ఈ. స్పెల్లింగ్ తప్పితే ఇంకెవరెవరో వస్తారు.
- హెడ్‌ఫోన్స్ లేదా ఓ మాదిరి స్పీకర్లు. ఫోన్ స్పీకర్‌లో వద్దు. ఆర్గన్, పియానో, గిటార్ మూడూ కలిసి ముద్దయిపోతాయి, అప్పుడు ‘ఇదేం గోల’ అనిపించడంలో మీ తప్పేమీ ఉండదు.
- ఆల్బమ్‌కో సాయంత్రం. ఒక్కోటి ముప్పావుగంట లోపే. నాలుగూ ఒకే ఆదివారం లాగించేయాలని చూడకండి.
- షఫుల్ ఆఫ్. ఆటోప్లే కూడా ఆఫ్.

1. సరైన ఆల్బమే పెట్టారా, చూసుకోండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, ఎందుకంటే వీళ్ల ఆల్బమ్ పేర్లు మనిషిని తికమక పెట్టడానికే పెట్టినట్టుంటాయి. 1969లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరు ‘మాట్ ద హూపుల్’. 1973లో వచ్చినదాని పేరు ఉత్త ‘మాట్’. 1974లో వచ్చినది ‘ద హూపుల్’. హంటర్ వెళ్లిపోయాక మిగిలినవాళ్లు బ్యాండ్ పేరునే ‘మాట్’ అని కుదించుకుని ఇంకో రెండు ఆల్బమ్‌లు చేశారు. మనకు కావలసినవి ఇవి నాలుగే:

మాట్ ద హూపుల్, 1969, పాటలు 8
మ్యాడ్ షాడోస్, 1970, పాటలు 7
వైల్డ్‌లైఫ్, 1971 మొదట్లో, పాటలు 9
బ్రెయిన్ కేపర్స్, 1971 చివర్లో, పాటలు 8

మీ యాప్‌లో పాటలు ఇంతకన్నా ఎక్కువ కనిపిస్తే కంగారు పడకండి, అవి తర్వాత చేర్చిన బోనస్ ట్రాకులు. మొదటిసారి వాటి జోలికి పోవద్దు. బ్రెయిన్ కేపర్స్ ఎక్కడ ముగియాలో అక్కడ ముగిస్తేనే దాని దెబ్బ తెలుస్తుంది.

‘గ్రేటెస్ట్ హిట్స్’ పెట్టి “అన్నీ వినేశాం” అనుకునేవాళ్లూ ఉన్నారు. 1976 నాటి ఆ సంకలనంలో ఉన్నవన్నీ సీబీఎస్ కంపెనీకి మారాక చేసిన పాటలే. ఐలాండ్ రోజుల పాట అందులో ఒక్కటీ లేదు. ఆ రోజుల సంకలనం కావాలంటే ‘రాక్ అండ్ రోల్ క్వీన్’ అన్న పేరుతో ఒకటుంది, కానీ అదీ మొదటి మెట్టుగా వద్దు.

2. రెండు గొంతులు, రెండు కీబోర్డులు విడదీసుకోండి

ఇది పదిహేను నిమిషాల పని. చేయకుండా ముందుకు వెళ్తే మిగతా అంతా సగమే అందుతుంది.

వైల్డ్‌లైఫ్‌లో మొదటి రెండు పాటలు వెంటవెంటనే వినండి. ‘విస్కీ విమెన్’ పాడింది రాల్ఫ్స్: తేలిగ్గా, కాస్త సన్నగా ఉండే గొంతు. ‘ఏంజెల్ ఆఫ్ ఎయిత్ ఎవెన్యూ’ పాడింది హంటర్: గరగరగా, మాట్లాడుతున్నట్టుగా, మాట చివర సాగదీస్తూ. ఇద్దరూ రాసేవాళ్లే. రాల్ఫ్స్‌కి గిటార్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస) ముందు పుడుతుంది, హంటర్‌కి మాట ముందు పుడుతుంది. ఈ నాలుగు ఆల్బమ్‌లు ఆ ఇద్దరి మధ్య తాడు లాగుడే.

ఇక కీబోర్డులు. హంటర్ పియానో, ఆలెన్ హామండ్ ఆర్గన్, రెండూ ఒకేసారి మోగుతుంటాయి. ఇది అనుకోకుండా జరిగింది కాదు. వీళ్లను ఐలాండ్‌కి తెచ్చిన నిర్మాత గై స్టీవెన్స్‌కి ఒక పిచ్చి కోరిక: బాబ్ డిలన్ మాట, రోలింగ్ స్టోన్స్ జోరు ఒకే బ్యాండ్‌లో ఉండాలి. డిలన్ అరవైల మధ్యలో చేసిన రికార్డుల్లో పియానో, ఆర్గన్ కలిసి వినిపిస్తాయి, ఇక్కడా అదే కావాలన్నాడు. హెరెఫర్డ్‌షర్ నుంచి వచ్చిన ‘సైలెన్స్’ అనే బ్యాండ్‌ని తీసుకుని, అప్పటిదాకా పాడుతున్న స్టాన్ టిప్పిన్స్‌ని పక్కకు తప్పించి, ఆడిషన్‌లో డిలన్ ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ పాడిన ముప్పయ్యేళ్ల హంటర్‌ని తెచ్చాడు. బ్యాండ్ పేరు కూడా స్టీవెన్స్ పెట్టిందే, జైల్లో ఉన్నప్పుడు చదివిన ఒక నవల పేరు. పాపం టిప్పిన్స్ అలిగి ఇంటికి పోకుండా అదే బ్యాండ్‌కి రోడ్ మేనేజర్‌గా కుదిరాడు. అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు!

సరిచూసుకోవడం ఇలా: ఏ పాటైనా పెట్టి ముప్పై సెకన్లలో “పాడేది ఎవరు, పియానో ఉందా, ఆర్గన్ ఉందా, రెండూనా” అని చెప్పగలిగితే ముందుకు వెళ్లండి.

3. బ్రెయిన్ కేపర్స్‌తో మొదలుపెట్టండి

అవును, నాలుగోదానితోనే. చార్టు ముఖం చూడనిదే నాలుగింటిలోకీ గట్టిది.

వారం తిరక్కుండా రికార్డ్ చేసేశారు. నిర్మాతలు గై స్టీవెన్స్, ఆండీ జాన్స్. అప్పటికి బ్యాండ్ విసిగిపోయి ఉంది, కంపెనీ వాళ్లకీ ఆశ సన్నగిల్లింది. ఆ విసుగంతా టేపు మీదికి ఎక్కింది. ‘డెత్ మే బి యువర్ శాంటా క్లాజ్’ మొదలవగానే ఆర్గన్ మీదికి దూకుతుంది. సౌండ్ ఎక్కువైందని తగ్గించకండి, అదలాగే ఉండాలి.

తర్వాత రెండు పాటలు వేరేవాళ్లవి. ‘యువర్ ఓన్ బ్యాక్‌యార్డ్’ డియాన్‌ది, మత్తు నుంచి బయటపడ్డ మనిషి మాటలు. ‘డార్క్‌నెస్, డార్క్‌నెస్’ జెస్సీ కాలిన్ యంగ్‌ది, దీన్ని రాల్ఫ్స్ పాడాడు. నాలుగోది ‘ద జర్నీ’. దీని దగ్గర ఆగండి.

తొమ్మిది నిమిషాల పైచిలుకు. మెల్లగా, దాదాపు ఒంటరిగా హంటర్ గొంతుతో మొదలవుతుంది. మొదటి మూడు నిమిషాల్లో విసుగొస్తే ముందుకు జరపాలనిపిస్తుంది, జరపకండి. ఆర్గన్ ఎప్పుడు వెనక నుంచి ముందుకొచ్చిందో, డ్రమ్స్ ఎప్పుడు బరువెక్కాయో గమనిస్తూ ఉండండి. ఆఖర్లో అందరూ ఒకేసారి విరుచుకుపడేసరికి, ఆ ఎత్తుకి మిమ్మల్ని మెట్టు మెట్టుగా ఎక్కించుకొచ్చారని అర్థమవుతుంది. గ్లామ్ రోజుల్లో హంటర్ రాసిన నిదానపు పాటలన్నిటికీ మూలం ఇక్కడుందని నా నమ్మకం.

ఎల్‌పీ రెండో వైపు, అంటే ఐదో పాట నుంచి: ‘స్వీట్ ఏంజలీన్’ సరదా రాక్. ‘సెకండ్ లవ్’ ఆలెన్ రాసినది. ‘ద మూన్ అప్‌స్టెయిర్స్’ మాత్రం బూతుతో సహా జనం మీద, రికార్డు వ్యాపారం మీద పడి తిట్టే పాట. 1976 పంక్ అబ్బాయిలకు ఇది నచ్చిందంటే ఊరికే కాదు. పంక్ బ్యాండ్ క్లాష్ గిటారిస్ట్ మిక్ జోన్స్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ బ్యాండ్ వెంట ఊరూరా తిరిగిన అభిమాని, 1979లో ‘లండన్ కాలింగ్’ ఆల్బమ్‌కి క్లాష్ పిలిపించుకున్న నిర్మాత ఇదే గై స్టీవెన్స్. ఆఖరి ట్రాకు నిమిషంన్నర గోల. అది పాట కాదు, తలుపు దడాలున వేసిన చప్పుడు.

జాగ్రత్త: ఇంట్లో చిన్నపిల్లలుంటే ‘మూన్ అప్‌స్టెయిర్స్’ హెడ్‌ఫోన్స్‌లో వినండి.

హోరు భరించలేనివాళ్లు 3వ మెట్టు వదిలి 5వ మెట్టుకి వెళ్లి, తర్వాత దీని దగ్గరికి రావచ్చు.

4. ఇప్పుడు మొదటి ఆల్బమ్

అట్ట మీద బొమ్మ డచ్ చిత్రకారుడు ఎషర్ గీసిన ‘రెప్టైల్స్’. అసలు బొమ్మ నలుపు తెలుపే, అట్ట కోసం రంగులు వేశారు.

మొదటి పాట కింక్స్ అనే బ్యాండ్‌ది, ‘యు రియల్లీ గాట్ మి’. ఇందులో గొంతు లేదు. ఫైలు పాడైందేమోనని, యాప్‌లో కరోకే వెర్షన్ పడిందేమోనని అనుమానపడేవాళ్లున్నారు. ఏమీ కాలేదు, వాళ్లు వాయిద్యాలతోనే చేశారు. ఆ పాట మాటలన్నీ జనానికి కంఠతా వచ్చిన రోజుల్లో మాటలు తీసేసి ఆల్బమ్ మొదలుపెట్టడం ఎంత తెగువో చూడండి.

ఆ వెనక రెండూ కూడా వేరేవాళ్ల పాటలే: డగ్ సామ్ ‘ఎట్ ద క్రాస్‌రోడ్స్’, సానీ బోనో ‘లాఫ్ ఎట్ మి’. నాలుగోది ‘బ్యాక్‌స్లైడింగ్ ఫియర్‌లెస్లీ’ హంటర్ సొంతం. ఇక్కడ అందరూ పెదవి విరుస్తారు: “డిలన్‌ని కాపీ కొట్టాడు.” నిజమే, డిలన్ పూనినట్టే ఉంటుంది. బ్యాండ్‌లో చేరి కొద్ది నెలలే అయిన మనిషి, నిర్మాత ఏం వింటే సంబరపడతాడో అదే పాడుతున్నాడు. ఇది మనసులో పెట్టుకుని వింటే చిరాకు తగ్గుతుంది. హంటర్ తన గొంతు తాను వెతుక్కున్నాడన్నది, దీని వెంటనే ‘ద జర్నీ’ ఇంకోసారి పెడితే మీకే తెలుస్తుంది. బ్రెయిన్ కేపర్స్ ముందు వినమన్నది ఇందుకే.

రెండో వైపు ‘రాక్ అండ్ రోల్ క్వీన్’ రాల్ఫ్స్ రాసింది, హంటర్ పాడింది. స్టోన్స్ జోరు కావాలన్న స్టీవెన్స్ కోరిక తీరింది ఇక్కడ. ‘హాఫ్ మూన్ బే’ పది నిమిషాల పైనే. ‘ద జర్నీ’కి ఇది అక్క అనుకోండి, కాస్త తడబడే అక్క. టైము లేకపోతే ఈ ఆల్బమ్‌లో ‘ఎట్ ద క్రాస్‌రోడ్స్’, ‘రాక్ అండ్ రోల్ క్వీన్’, ‘హాఫ్ మూన్ బే’ మూడూ వింటే చాలు.

5. వైల్డ్‌లైఫ్: ఊపిరి పీల్చుకోండి

స్టీవెన్స్‌ని పక్కనపెట్టి బ్యాండ్ సొంతంగా చేసుకున్న ఆల్బమ్. చప్పుడు తగ్గింది, కంట్రీ వాసన వచ్చింది. వాళ్లే తర్వాత దీన్ని ‘మైల్డ్‌లైఫ్’ అని వెక్కిరించుకున్నారు. ఆ వెక్కిరింత విని అభిమానులు కూడా దీన్ని చిన్నచూపు చూశారు. నా మాటకి వస్తే, పాటకి పాట చూసుకుంటే ఇందులో తాలు తక్కువ.

‘వాటర్‌లో’ తప్పకుండా వినండి. ఉత్తర లండన్‌లో వాటర్‌లో పార్క్ అని ఒకటుంది. హంటర్ మొదటి పెళ్లి చెదిరిపోయిన బాధ ఆ పార్కు చుట్టూ అల్లుకుంది. వెనక తీగ వాయిద్యాలు, ముందు గరగర గొంతు ఎప్పుడూ లేనంత తగ్గి ఉంటుంది. రెండు మూడు నిమిషాలే. ‘ఒరిజినల్ మిక్స్డ్-అప్ కిడ్’ దీని తర్వాత వినాల్సింది. రాల్ఫ్స్‌వి ‘రాంగ్ సైడ్ ఆఫ్ ద రివర్’, ‘హోమ్ ఈజ్ వేర్ ఐ వాంట్ టు బి’ వినేటప్పుడు ఆయన 1973లో ఈ బ్యాండ్ వదిలి ‘బ్యాడ్ కంపెనీ’ అనే ఇంకో బ్యాండ్ పెట్టిన సంగతి గుర్తు తెచ్చుకోండి. సాదాసీదాగా సాగే ఆ ధోరణి అప్పటికే వచ్చేసింది.

ఆఖరి పాట దగ్గర షాక్ తగులుతుంది. ఇంతసేపూ మెత్తగా సాగిన ఆల్బమ్ చివర్లో లిటిల్ రిచర్డ్ పాట ‘కీప్ ఎ నాకిన్’, 1970లో క్రాయిడన్ ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్ కచేరీలో లైవ్‌గా పట్టినది, పది నిమిషాల గలాటా. మిగతా పాటలకీ దీనికీ పొంతన లేదు. కానీ వీళ్ల కచేరీలకు జనం ఎందుకు ఎగబడేవారో, ఆ ఊపు స్టూడియోలోకి ఎందుకు రాలేదో ఈ ఒక్క ట్రాకు వింటే తెలుస్తుంది. దీన్ని విడిగా, సౌండ్ పెంచి, వేరే రోజు విన్నా తప్పులేదు.

6. మ్యాడ్ షాడోస్ ఆఖర్న

ఇది కాకరకాయ కూర లాంటిది. మొదటి ముద్దగా పెడితే పళ్లెం తోసేస్తారు, అలవాటయ్యాక అడిగి వడ్డించుకుంటారు.

సౌండ్ బురదగా ఉంటుంది, మీ హెడ్‌ఫోన్స్‌ని అనుమానించకండి. పాటలు పూర్తిగా తయారు కాకముందే స్టీవెన్స్ రికార్డ్ బటన్ నొక్కించేవాడు. ఆయనకి సరిగ్గా వాయించడం కన్నా ఆవేశంగా వాయించడం ముఖ్యం. ఏడు పాటల్లో ఆ పద్ధతి లాభం, నష్టం రెండూ దొరుకుతాయి.

‘థండర్‌బక్ ర్యామ్’ నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా రాల్ఫ్స్ గిటార్‌తో మీద పడుతుంది. ‘వాకిన్ విత్ ఎ మౌంటెన్’ పక్కా రాక్ అండ్ రోల్, చివర్లో స్టోన్స్ ‘జంపింగ్ జాక్ ఫ్లాష్’ ముక్క వినిపిస్తుంది, పట్టుకోండి. ‘నో వీల్స్ టు రైడ్’, ‘ఐ కెన్ ఫీల్’ రెండూ హంటర్ బరువు పాటలు. ఆఖరిది ‘వెన్ మై మైండ్స్ గాన్’. హంటర్ పియానో ముందు కూర్చుంటే స్టీవెన్స్ రెచ్చగొడుతుండగా అప్పటికప్పుడు అల్లిన పాట. చక్కదిద్దిన పాట కాదు. వినడానికి ఇబ్బందిగా కూడా ఉంటుంది. రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు.

ప్రత్యామ్నాయం: ఆల్బమ్ మొత్తం మింగుడు పడకపోతే ‘థండర్‌బక్ ర్యామ్’, ‘వాకిన్ విత్ ఎ మౌంటెన్’ రెండూ ఉంచుకుని మిగతావి ఆరు నెలల తర్వాత చూడండి.

7. ఫలితం సరిచూసుకోండి

ఇప్పుడు ‘ఆల్ ద యంగ్ డ్యూడ్స్’ ఆల్బమ్ మళ్లీ పెట్టండి. ఇవి వినిపిస్తున్నాయా చూసుకోండి:

- టైటిల్ పాటలో ఆర్గన్ విడిగా అందుతోందా? ఇదివరకు గిటార్ మాత్రమే విని ఉంటారు.
- పాట చివర హంటర్ జనంతో మాట్లాడుతున్నట్టు వదిలే మాటలు కొత్తగా అనిపిస్తున్నాయా, లేక ‘కీప్ ఎ నాకిన్’లో విన్న మనిషే గుర్తొస్తున్నాడా? గుర్తొస్తే మీ పని అయినట్టే.
- ‘రెడీ ఫర్ లవ్’ రాల్ఫ్స్‌దని పేరు చూడకుండా పట్టేశారా? ఇదే పాటని ఆయన తర్వాత బ్యాడ్ కంపెనీతో మళ్లీ చేశాడు, రెండూ పక్కపక్కన వినండి.

తర్వాత 1973 ‘మాట్’ ఆల్బమ్‌లో ‘బ్యాలడ్ ఆఫ్ మాట్ ద హూపుల్’ వినండి. దాని పేరులోనే 26 మార్చి 1972, జ్యూరిక్ అని ఉంటుంది, విడిపోవాలనుకున్న నాటి సంగతి. ఈ నాలుగు ఆల్బమ్‌లూ వినకముందు అది మామూలు స్లో పాట. ఇప్పుడు ఎవరి గురించి పాడుతున్నాడో మీకు తెలుసు.

ఎల్‌పీ కొనేవాళ్లకు

పాత బ్రిటిష్ ప్రతులు కావాలంటే లేబుల్ చూడండి. మొదటి రెండూ గులాబీ రంగు లేబుల్ మీద చిన్న ‘ఐ’ అక్షరంతో వచ్చాయి. తర్వాతి రెండూ తాటిచెట్టు బొమ్మ, చుట్టూ గులాబీ అంచుతో. నంబర్లు వరుసగా ఐఎల్‌పీఎస్ 9108, 9119, 9144, 9178. అమెరికా ప్రతులైతే అట్లాంటిక్ లేబుల్ మీద ఉంటాయి. అమ్మేవాడు ‘ఒరిజినల్’ అంటే అట్ట ఫొటో చాలదు, రెండు వైపుల లేబుల్ ఫొటోలు అడగండి.

బ్రెయిన్ కేపర్స్ తొలి ప్రతులతో కళ్లకు కట్టుకునే నల్ల కాగితపు మాస్క్ ఒకటి ఇచ్చారు. అది లేకుండా ‘కంప్లీట్’ అని అంటే ధర తగ్గించమనండి. బయటి దేశం నుంచి తెప్పించేటప్పుడు షిప్పింగ్, కస్టమ్స్ కలిపి ఎంతవుతుందో లెక్కేసుకున్నాకే డబ్బు కట్టండి, రికార్డు ధరని మించిపోయే సందర్భాలు తక్కువేమీ కాదు.

2018లో ‘మెంటల్ ట్రెయిన్’ అని ఆరు సీడీల పెట్టె వచ్చింది. నాలుగు ఆల్బమ్‌లు, మిగిలిపోయిన పాటలు, లైవ్ ముక్కలు అన్నీ అందులో ఉన్నాయి. ముందే కొనేయకండి. ఈ ఏడు మెట్లూ అయ్యాక కనీసం రెండు ఆల్బమ్‌లు మళ్లీ పెట్టాలనిపిస్తే అప్పుడు కొనండి. ఒక్కటే నచ్చితే దాని విడి సీడీ చాలు, డబ్బు మిగులుతుంది.